బ్యాకప్ ఉంది, ఫైళ్లు తెరవనివ్వట్లేదండి

మిల్లు గుమాస్తా, మండపేట:
ఆయ్, నమస్కారమండి. కరెంటు పోయి ఒక్కసారిగా వచ్చేసరికి మా రైస్‌మిల్లు ఆఫీసు కంప్యూటరు చచ్చిపోయింది. రోజూ రాత్రి ఎక్స్‌టర్నల్ డిస్కులోకి బ్యాకప్ అయ్యేది కాబట్టి ధైర్యంగానే ఉన్నాను. కొత్తది కొని, పాత పేరూ పాత పాస్‌వర్డుతోనే అకౌంటు పెట్టాను. అయినా రైతుల బాకీల ఫోల్డరు తెరవబోతే అనుమతి లేదంటోంది. ఇంకో వింత చూడండి. పెన్‌డ్రైవులోంచి తెచ్చిన జీతాల ఫోల్డరు ఇదివరకు నాకూ మా ఓనరుగారికీ తప్ప తెరుచుకునేది కాదు. ఇప్పుడు కాటా కుర్రాడు కూడా తన లాగిన్‌లోంచి చూసేస్తున్నాడు!

చేపల చెరువు, భీమవరం:
గుమాస్తాగారూ, విండోస్‌కి మీ పేరుతో పని లేదండి. ప్రతి అకౌంటుకీ సిడ్ అని ఓ పొడవాటి నంబరు ఇస్తుంది, అనుమతులన్నీ దాని మీదే రాసుకుంటుంది. ఊళ్లో 'పెద్ద చేను' అంటే నాలుగు చేలు ఉండొచ్చు, దస్తావేజులో సర్వే నంబరే కదా చూస్తారు. ఫోల్డరు ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ చూడండి. ఎస్-1-5-21 అని మొదలయ్యే అంకెల తోక కనబడితే, అది పాత కంప్యూటర్లోని మీరే.

మరి బ్యాకప్ ఎలా అయింది అంటారా? ఆ సాఫ్ట్‌వేరుకి ప్రత్యేక హక్కు ఉంటుంది, అనుమతులు అడ్డున్నా ఫైలు చదివేస్తుంది. చదివి, ఆ అనుమతుల్ని కూడా డిస్కులో దించేసింది.

ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చేయమని వీడియోల్లో చెప్తారు, ఆ పని చెయ్యకండి. కమాండ్ ప్రాంప్టుని అడ్మినిస్ట్రేటరుగా తెరిచి రోబోకాపీ కొట్టండి, అది విండోస్‌లోనే ఉండే కాపీ కమాండు. పాత ఫోల్డరు దారి, కొత్త ఫోల్డరు దారి, చివర్లో స్లాష్ ఈ (లోపలి ఫోల్డర్లన్నీ రావడానికి), స్లాష్ బి (ఇందాక చెప్పిన బ్యాకప్ హక్కుతో చదవడానికి). ఫైళ్లు కొత్త ఫోల్డరు అనుమతులతో వస్తాయి, పాత డిస్కు అలాగే ఉంటుంది. స్లాష్ కాపీఆల్ మాత్రం పెట్టొద్దు, పాత అనుమతులు కూడా వెంటొస్తాయి.

కొబ్బరితోట, అమలాపురం:
జీతాల సంగతి నేను చెప్తాను. పెన్‌డ్రైవు ఫార్మాటు ఫ్యాట్32 గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ అయ్యుంటుంది. వాటిలో అనుమతులు రాసుకోడానికి చోటే లేదు. తిరిగి తెచ్చినప్పుడు మీరు ఏ ఫోల్డర్లో పడేస్తే దాని అనుమతులే అంటుకుంటాయి. డి డ్రైవులో నేరుగా పెట్టారా? అయితే అంతే, అక్కడ మామూలుగా అందరికీ తెరుచుకుంటుంది. ఇన్‌హెరిటెన్స్, అంటే పై ఫోల్డరు అనుమతులు కిందికి దిగడం, ఆపి, మీ ఇద్దరి పేర్లే ఉంచండి. ఇక నుంచి పెన్‌డ్రైవుని అనుమతులు రాసుకునే ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫార్మాట్ చేసుకోండి. అప్పుడు కూడా మామూలు కాపీ పేస్టుతో అనుమతులు రావు, అక్కడ రోబోకాపీకి స్లాష్ కాపీఆల్ కావాలి.

మిల్లు గుమాస్తా, మండపేట:
బాకీలు వచ్చేశాయండి, బతికించారు. ఓనరుగారి ఫోల్డరు ఒక్కటి మాత్రం కాపీ అవ్వట్లేదు. ఫైళ్ల మీద చిన్న తాళం బొమ్మ ఉంది.

చేపల చెరువు, భీమవరం:
అయ్యో, అది అనుమతి కాదండి, ఎన్‌క్రిప్షన్. అంటే ఫైలు లోపలి రాతనే తాళం చెవి లేకుండా చదవలేని గుప్తలిపిగా మార్చేశారు. అడ్మినిస్ట్రేటరైనా చెయ్యగలిగింది లేదు. ఆ తాళం చెవి ఉండే సర్టిఫికెట్ ఫైలు ఆయన ఎక్కడైనా దాచారేమో అడగండి. లేకపోతే పాత కంప్యూటర్ని పారెయ్యకండి. కరెంటు దెబ్బకి ఎస్ఎంపీఎస్ (కంప్యూటరుకి కరెంటు అందించే డబ్బా) ఒక్కటే పోయి, లోపలి డిస్కు బాగానే ఉండొచ్చు. ఆ ఎస్ఎంపీఎస్ మార్పించి, ఆయన లాగిన్‌తో ఒక్కసారి తెరవగలిగితే సర్టిఫికెట్ బయటికి తీసుకోవచ్చు.

మిల్లు గుమాస్తా, మండపేట:
పాత కంప్యూటరు ఇంకా గోనెసంచుల గదిలోనే ఉందండి. రేపు రాజమండ్రి పట్టుకెళ్తాను.