బర్గండీ ద్రాక్షసీమలో నాలుగు రోజులు: వైన్ తాగనివారికి చూడదగినవి ఏమిటి?

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. వచ్చే సెప్టెంబరులో అమ్మానాన్నలను ఫ్రాన్స్‌కు తీసుకువెళుతున్నాను. పారిస్ చూశాక నాలుగు రోజులు బర్గండీలో గడపాలని ఉంది. మా ఇంట్లో ఎవరూ మద్యం ముట్టరు. అమ్మ గుడ్డు కూడా తినదు. అయితే నాన్న అనంతపురం దగ్గర ఇరవై ఏళ్ళు పందిరి ద్రాక్ష పండించిన రైతు కనుక, ఆయనకు ఆ తోటలు చూపించాలన్న కోరిక నాకు బలంగా ఉంది. అక్కడ మాకు నాలుగు రోజులకు సరిపడా విశేషాలు ఉంటాయా?

జవాబు (జయనగర్)

తప్పకుండా ఉంటాయి. పారిస్ నుంచి దిజాన్‌కు టీజీవీ అనే అతివేగ రైలులో సుమారు గంటన్నర ప్రయాణం. అక్కడి నుంచి చిన్న రైలులో బోన్ పట్టణం చేరి, అక్కడే బస చేయండి.

మీ నాన్నగారిని అన్నిటికంటే ఆకట్టుకునేది నేల విభజనే అని నా నమ్మకం. అక్కడ తోటలను 'క్లిమా' అనే చెక్కలుగా విభజించి, మన సర్వే నంబర్ల వలె హద్దులు నిర్ణయించి, ప్రతి చెక్కకూ ఒక పేరు పెట్టుకున్నారు. అటువంటి 1,247 చెక్కలున్న ఆ సీమను యునెస్కో 2015లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఎర్ర వైన్‌కు పినో న్వార్, తెల్ల వైన్‌కు షార్డొనే, ప్రధానంగా ఈ రెండు రకాలే పండిస్తారు; అయినా వాలు, సున్నపురాయి, నీరు ఇంకే తీరు మారడం వల్ల బాటకు ఈ పక్క పంటకూ ఆ పక్క పంటకూ ధరలో ఎంతో తేడా ఉంటుంది. ప్రపంచ ప్రసిద్ధమైన రోమనే-కోంతీ తోట నాలుగున్నర ఎకరాలే; దాని గోడ పక్కన నిలబడి చూడవచ్చు. వూజో గ్రామంలో క్రైస్తవ సన్యాసులు పెంచిన తోట సుమారు 125 ఎకరాలు, ఇప్పుడు దానికి దాదాపు ఎనభై మంది యజమానులు. అక్కడి కోటలో ఉన్న పాతకాలపు భారీ కొయ్య గానుగలను తప్పక చూపించండి.

జవాబు (వైట్‌ఫీల్డ్)

బోన్‌లోని ఓతెల్-ద్యూకు ఒక పూట కేటాయించండి. నికొలా రొలాన్ అనే రాజోద్యోగి 1443లో పేదల కోసం కట్టించిన ఈ ఆసుపత్రిలో 1971 వరకు రోగులకు చికిత్స జరిగింది. రంగురంగుల పెంకుల పైకప్పు, వరుస మంచాల హాలు, రోజియె వాన్ డెర్ వైడెన్ గీసిన 'అంతిమ తీర్పు' చిత్రం చూడదగినవి. మన గుడి మాన్యాల వలె దాతలు రాసిచ్చిన ద్రాక్షతోటల నుంచి ఈ సంస్థకు ఆదాయం వస్తుంది. ఆ వైన్‌ను 1859 నుంచి వేలం వేస్తున్నారు, ఆ వేలం ఇప్పుడు ఏటా నవంబరులో జరుగుతుంది.

జవాబు (బనశంకరి)

అమ్మగారి భోజనం విషయంలో ఒక మాట. సూపుల్లో తరచు మాంసపు రసం కలుస్తుంది, గుజేర్ అనే చీజ్ పిండివంటలో గుడ్డు ఉంటుంది. కనుక వంటగది ఉన్న బస తీసుకుని, శనివారం బోన్ సంతలో కూరగాయలు కొనుక్కోండి. కందిపొడి ఇక్కడి నుంచే తీసుకువెళ్ళండి. ఆవకాయకు ఆవపిండి కొట్టించే ఇంటివారికి, 1840 నుంచి ఆవాలు నూరుతున్న ఫాలో ఆవముద్ద కర్మాగారం తప్పక నచ్చుతుంది. వైన్ నిల్వచేసే నేలమాళిగలు చూడబోతే, అవి చల్లగా ఉంటాయి, మెట్లు ఎక్కువ, శాలువా మరవవద్దు. అనుమతి లేకుండా తోటల సాళ్ళలోకి దిగకూడదు, గుత్తులు కోయకూడదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ నాన్నకు చదివి వినిపిస్తే, ఆయన ఒకటే అడిగారు: అక్కడ డ్రిప్ వేస్తారా?

జవాబు (జయనగర్)

కాపుకు వచ్చిన తోటలకు నీరు పెట్టరు, అంతా వాన మీదే. పందిరి కూడా ఉండదు. నడుము ఎత్తు మొక్కలు, మీటరుకొకటి చొప్పున ఎకరానికి నాలుగు వేల దాకా ఉంటాయి.