“హ్యాకింగ్ చేస్తే మూడేళ్ల జైలు”: వాక్యం సరైనదేనా?

గుంటూరు నుంచి ప్రశ్న: మా కళాశాల గోడపత్రికకు “హ్యాకింగ్ చేసినవారికి మూడేళ్ల జైలు, ఐదు లక్షల జరిమానా” అని రాసుకున్నాము. హ్యాకింగ్ స్థానంలో “చొరబాటు” అని పెడితే చట్టానికి సరిపోతుందా? పెద్దలు చెప్పగలరు.

విజయవాడ నుంచి సమాధానం: మాస్టారూ, సమాచార సాంకేతిక చట్టం 2000లో వచ్చినప్పుడు 66వ సెక్షన్ శీర్షికలోనే హ్యాకింగ్ అన్న మాట ఉండేది. 2008లో చేసిన సవరణ 2009 అక్టోబరు 27న అమలులోకి వచ్చాక ఆ మాట తొలగిపోయి, “కంప్యూటరు సంబంధిత నేరాలు” అన్న అర్థంలో కొత్త శీర్షిక వచ్చింది. కాబట్టి చూడవలసింది ఆ పేరుకు తెలుగు ఏమిటన్నది కాదు, ఏ పనిని చట్టం నేరమంటున్నదన్నది.

యజమాని అనుమతి లేకుండా కంప్యూటరును తెరవడం, అందులోని సమాచారాన్ని నకలు తీసుకోవడం, వైరస్ ఎక్కించడం వంటివి 43వ సెక్షన్‌లో ఉన్నాయి. వాటికి అక్కడ చెప్పినది నష్టపరిహారమే. అవే పనులను ఒకరికి అక్రమ లాభం గాని, మరొకరికి అక్రమ నష్టం గాని కలిగించాలని తలపెట్టి, లేదా మోసగించే ఉద్దేశంతో చేసినప్పుడే 66వ సెక్షన్ కింద నేరమవుతాయి. తోటి విద్యార్థి కంప్యూటరును అడగకుండా తెరిచి చూడడం వేరు, అందులోని రహస్యపదం (పాస్‌వర్డ్) పట్టుకొని అతని ఖాతాలోని డబ్బు మళ్లించుకోవడం వేరు. మన గవర్నరుపేటలో న్యాయవాదుల దగ్గర పనిచేసే గుమాస్తా ఎవరైనా మొదట అడిగేది ఇది సివిలా, క్రిమినలా అనే. “చొరబాటు” అన్న ఒక్క మాట ఆ రెండింటినీ కలిపేస్తుంది. పైగా పత్రికలు దానిని సరిహద్దు వార్తలకు అంతగా వాడాయి కనుక, వినగానే శత్రువు గుర్తుకు వస్తాడు. 43కు “అనుమతి లేని ప్రవేశం” అన్న మాటే నాకు నచ్చుతుంది. 66కు ఉద్దేశాన్ని తెలిపే మాట తప్పనిసరిగా ఉండాలి. చట్టంలోని “డిజానెస్ట్‌లీ” అన్న ఆంగ్ల మాటకు “నిజాయితీ లేకుండా” అంటే మనిషి స్వభావం గురించి చెప్పినట్లుంటుంది కాబట్టి అది చాలదు.

శిక్ష చెప్పిన తీరులో ఇంకా పెద్ద పొరపాటు ఉంది. చట్టం చెప్పినది మూడేళ్ల వరకు జైలు గాని, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని. మీ వాక్యంలో “వరకు” పోయింది, “గాని” పోయి కామా వచ్చింది. చదివిన పిల్లలు రెండు శిక్షలూ పూర్తిగా, తప్పక పడతాయనుకుంటారు.

గుంటూరు నుంచి: ఇతరుల రహస్యపదం వాడుకున్నవారి సంగతి కూడా రాయాలని ఉంది. దానికీ “గాని” అనే రాయాలా?

విజయవాడ నుంచి: అక్కడ రాయకూడదండీ. ఇతరుల రహస్యపదాన్ని గాని, ఎలక్ట్రానిక్ సంతకాన్ని గాని మోసపూరితంగా వాడితే 66సి వర్తిస్తుంది. దాని కింద మూడేళ్ల వరకు జైలుతోపాటు లక్ష రూపాయల వరకు జరిమానా కూడా ఉంటుంది. అందువల్ల ఆ వాక్యంలో “తోపాటు” అనే ఉండాలి, 66వ సెక్షన్ వాక్యంలో “గాని” అనే ఉండాలి. రెండింటినీ ఒకే వరుసలో కలిపి రాయకండి.