అప్‌డేట్: వైడ్ యాంగిల్ ల్యాండ్‌స్కేప్‌లకు మీడియం ఫార్మాట్ కెమెరా తీసేసుకున్నా

మీడియం ఫార్మాట్ (మామూలు 35ఎంఎం కన్నా పెద్ద ఫిల్మ్ వాడే) కెమెరాల్లో ఏది కొనాలి, 45ఎంఎం లెన్స్‌తో పెంటాక్స్ 67నా, 43ఎంఎం లెన్స్‌తో మామియా 7నా అని ఇంతకు ముందు అడిగాను కదా, చివరికి రెండూ కాదు, ఫుజీ జీఎస్‌డబ్ల్యూ690III తీసుకున్నా. పెంటాక్స్ ఒకసారి చేత్తో ఎత్తి చూశాక, దాన్నీ ట్రైపాడ్‌నీ మోస్తూ కొండెక్కడం నా వల్ల కాదని తేలిపోయింది. మామియా 43ఎంఎంకి పైన వేరే వ్యూఫైండర్ పెట్టుకోవాలి, అంటే ఫోకస్ ఒక కిటికీలో, ఫ్రేమింగ్ ఇంకో కిటికీలో, అది నాకు చిరాకు.

ఫుజీది 6×9 (సెం.మీ.) నెగెటివ్, 65ఎంఎం లెన్స్, మామూలు 35ఎంఎం ఫిల్మ్ కెమెరాలో అయితే సుమారు 28ఎంఎం లెన్స్ చూపించేంత వెడల్పు అనుకోండి. బ్యాటరీ లేదు, వెలుతురు కొలిచే మీటర్ కూడా లేదు. 120 సైజు ఫిల్మ్ రోల్‌కి 8 ఫ్రేములే, అందులో మొదటి రోల్‌లో మూడు లెన్స్ క్యాప్ తీయకుండానే కొట్టా! వ్యూఫైండర్ లెన్స్‌లోంచి చూపించదు కాబట్టి అందులో అంతా చక్కగా కనిపిస్తుంది మరి, డెవలప్ చేశాక చూస్తే ఆ మూడూ గాజుముక్కల్లా ఖాళీ. మిగిలిన ఐదూ మాత్రం, అబ్బ, లూప్ (భూతద్దం) పెట్టి చూస్తే గడ్డిపరకలు లెక్కపెట్టొచ్చు.

ఎఫ్22లో (అంటే లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసి) దాదాపు 4 మీటర్లకు ఫోకస్ పెట్టి వదిలేస్తున్నా, 2 మీటర్ల నుంచి దూరపు కొండదాకా సరిపోతోంది.

అసలు తలనొప్పి సెకను దాటిన ఎక్స్‌పోజర్లతో. బీ సెట్టింగ్ (బటన్ నొక్కి ఉంచినంతసేపే షటర్ తెరిచి ఉంచేది) లేదు, టీ (ఒకసారి నొక్కితే తెరుచుకుని, మనం మూసేదాకా అలాగే ఉండేది) మాత్రమే, షటర్ మూయాలంటే స్పీడ్ రింగ్ తిప్పాలి, తిప్పితే కెమెరా కదులుతుంది. అందుకని ముందు లెన్స్‌కి నల్ల అట్ట అడ్డం పెట్టి, ఆ తర్వాత తిప్పుతున్నా. పోలరైజర్‌ని (మెరుపుల్ని తగ్గించే, తిప్పి సర్దుకునే ఫిల్టర్) కంటి దగ్గర తిప్పి చూసుకుని, రింగ్ మీద గుర్తు పెట్టుకుని, అదే కోణంలో లెన్స్‌కి బిగిస్తున్నా. గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ల (సగం నల్లగా ఉండి ఆకాశం వెలుగు తగ్గించేవి) జోలికి ఇంకా పోలేదు.