ఐదో తరగతి లెక్కల పీరియడ్‌లో తాడుతో గుంట కొలిపిస్తున్నారు. మరి ఎక్కాలు ఎప్పుడు?

మిల్లు_గుమస్తా (మిర్యాలగూడ) | ఆదివారం, రాత్రి 9:12

మా అబ్బాయి సర్కారు బడిలో ఐదో తరగతి. పోయిన వారం వాళ్ల సారు పిల్లలందరినీ గ్రౌండ్‌లోకి తీసుకెళ్లి, తాడు పట్టించి, ముగ్గుతో 33 అడుగుల చదరం గీయించారట. గుంట భూమి అంటే ఇంత అని చూపించారట. మంగళవారం పీరియడ్ గీయడానికి సరిపోయింది, బుధవారం పీరియడ్ అందులో అడుగులు లెక్కపెట్టుకుంటూ తిరగడానికి సరిపోయింది. వాడు ఇంటికొచ్చి ఒకటే సంబరం.

మంచిదే అనుకుని "ఏడు ఎనిమిదులు ఎంతరా?" అన్నాను. పైకి చూశాడు, కిందికి చూశాడు, వేళ్లు ముడిచాడు. అర నిమిషం తర్వాత 54 అన్నాడు.

నేను రైస్‌మిల్లులో గుమస్తాను. లారీ కాటా ఎక్కి దిగేలోపు బస్తాలు, తూకం, తరుగు అన్నీ నోటితోనే తేల్చాలి. నా చదువు పదితో ఆగింది. ఆ ఎక్కాలే ఇప్పుడు అన్నం పెడుతున్నాయి. వీడు గురుకులం ప్రవేశ పరీక్ష రాయాలి. 100 ప్రశ్నలు, రెండు గంటలు, అంటే ప్రశ్నకు 72 సెకన్లు. అందులో 25 లెక్కలవి. అర నిమిషం ఏడెనిమిదులకే పోతే మిగతా లెక్క ఎప్పుడు చేస్తాడు?

ఈ ఆటల చదువు నిజంగా పనికొస్తుందా, వాట్సాప్‌లో ఫొటోల కోసమా? తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్_లెక్కల_సారు (నల్లగొండ) | రాత్రి 9:40

మీ బాధ నాకు అర్థమైంది. మా రోజుల్లో ప్రార్థన కాగానే ఎక్కాలు, బడి వదిలే ముందు మళ్లీ ఎక్కాలు. ఒకడు ముందు చెబితే అరవై గొంతులు వెనక అందుకునేవి. నా చిన్నప్పుడైతే పావు ఎక్కం, అరెక్కం, ముప్పావు ఎక్కం కూడా అప్పజెప్పించేవారు.

ఎందుకు కావాలో ఒక్క ఉదాహరణ. 4368ని 56తో భాగించాలి. ముందు 436లో 56 ఎన్నిసార్లు పోతుందో అంచనా వేయాలి. ఏడుసార్లు అనుకుంటే 392 అని గుణించాలి, తీసేస్తే 44, పక్కన 8 దించితే 448, మళ్లీ ఎనిమిదిసార్లు. జవాబు 78. ఇన్ని మెట్లున్న లెక్కలో ప్రతి మెట్టు దగ్గరా ఏడార్లు ఎంత, ఎనిమిదైదులు ఎంత అని వేళ్లు విరుచుకుంటే, పిల్లవాడు తానెక్కడున్నాడో మరిచిపోతాడు. మనం "వీడికి భాగహారం రాదు" అంటాం. భాగహారం వచ్చు, ఎక్కం రాదు.

ఆటలు పీఈటీ సారు చూసుకుంటారు.

చౌటుప్పల్_ప్లాటు | రాత్రి 9:44

గుంట అంటే 100 గజాలే కదా? 33 అడుగులు ఎక్కడిది?

టీచరమ్మ (అచ్చంపేట వైపు) | రాత్రి 10:25

ప్లాటు గారూ, గుంట 121 గజాలు. 33 అడుగులంటే 11 గజాలు, 11 పదకొండ్లు 121. ఎకరానికి 40 గుంటలు, ఎకరం 4840 గజాలు. భాగించి చూసుకోండి.

గుమస్తా గారూ, మీ అబ్బాయి 54 అన్నాడు. తప్పే. కానీ 54 ఎక్కడి నుంచి వచ్చింది? ఆరు తొమ్మిదులు 54. అంటే ఎక్కాలు వాడి చెవిన పడ్డాయి, ఏది ఎక్కడిదో కుదురుకోలేదు. బట్టీ పట్టిన పిల్లల్లో ఇది రోజూ చూస్తాను. మా బడిలో ఒక పాప పన్నెండో ఎక్కం దాకా గడగడా చెబుతుంది. మధ్యలో ఏడెనిమిదులు అడిగితే ఏడొకట్ల దగ్గర మొదలుపెట్టి నడుచుకుంటూ రావాలి, పాట మధ్యలో అందుకోలేనట్టు. ఓసారి "ఏడు బుట్టలున్నాయి, బుట్టకు ఎనిమిది సీతాఫలాలు, మొత్తం ఎన్ని?" అన్నాను. 15 అంది. సీతాఫలాల సీజన్‌లో వాళ్లమ్మ బుట్ట పెట్టుకుని అమ్ముతుంది, పాప పక్కనే కూర్చుంటుంది. అయినా 15.

ఆ సారు గీయించిన గుంటను పారేయకండి. 33 అడుగుల్ని 30 దగ్గర ఒక గీతతో, రెండో వైపు కూడా 30 దగ్గర ఒక గీతతో కోయండి. పెద్ద ముక్క 30 ముప్పైలు 900. పక్కన రెండు పట్టీలు, ఒక్కోటి 90. మూలన చిన్న ముక్క 9. మొత్తం 1089 చదరపు అడుగులు. పిల్లలు ఆ పట్టీల్లో నిలబడి చూశారనుకోండి, రేపు హైస్కూల్‌లో ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ వచ్చినప్పుడు మధ్యలో ఉన్న రెండు ఏబీలను మింగేయరు. పదో తరగతి పేపర్లు దిద్దినవాళ్లను అడగండి, ఎంతమంది మింగేస్తారో.

రిటైర్డ్_లెక్కల_సారు | రాత్రి 10:41

అమ్మా, 30 ముప్పైలు 900 ఎలా వచ్చింది? మూడు మూళ్లు తొమ్మిది వస్తేనే కదా. చివరికి తేలింది ఎక్కమే.

టీచరమ్మ | రాత్రి 10:43

మూడో ఎక్కం వాడికి వచ్చు సార్. రానిది ఏడోది.

రిటైర్డ్_లెక్కల_సారు | రాత్రి 10:44

అదే నేనూ అంటున్నది.

సెంట్రింగ్_మేస్త్రీ (పాలమూరు) | రాత్రి 11:05

అందరూ ఒకటి మరిచిపోతున్నారు. నాలుగు దిక్కులా 33 అడుగులు తాడు లాగితే చదరం కాదు. మూల వంకర పోతుంది, వంకర పోతే జాగా తగ్గుతుంది. నాలుగు వైపుల కొలత సరిగ్గానే ఉంటుంది, లోపల గుంట ఉండదు. మేము పునాదికి ముగ్గు పోసేటప్పుడు మూల నుంచి ఇటు 3 అడుగులు, అటు 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య 5 వచ్చేదాకా దారం జరుపుతాం. లేదంటే రెండు మూలకొలతలూ సమానంగా వచ్చాయా చూస్తాం. ఆ సారు మూల చూశారా, లేదా?

మిల్లు_గుమస్తా | రాత్రి 11:11

మా వాణ్ణి లేపి అడిగాను. నాలుగు వైపులే కొలిచారట. మూలలు చూడలేదట.

సెంట్రింగ్_మేస్త్రీ | రాత్రి 11:12

అయితే అది గుంట కాదు అన్నా.

రిటైర్డ్_లెక్కల_సారు | సోమవారం, ఉదయం 6:02

మేస్త్రీ గారూ, మీరు చెప్పింది పైథాగరస్ సిద్ధాంతం. అది హైస్కూల్ పాఠం. ఐదో తరగతికి అనవసరం. ఎవరి స్థాయికి తగ్గది వాళ్లు నేర్చుకోవాలి. పనివాళ్లకు చేతి అలవాటుగా వచ్చే కిటుకులు వేరు, గణితం వేరు.

సెంట్రింగ్_మేస్త్రీ | ఉదయం 6:30

పొద్దున్నే మంచి మాట చెప్పారు సార్. సైట్ మీద ఉన్నాను, అయినా రాస్తా.

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. పదమూడో ఎక్కంలో పదమూడు ఏడుల దగ్గర ఆగాను. చింత బరికతో కొట్టారు. తెల్లారి మళ్లీ అక్కడే ఆగాను, మళ్లీ కొట్టారు. మూడో రోజు బడికి పోలేదు. ఆ ఏడాదే అమ్మానాన్నల వెంట పూణె పనికి పోయాను. పదమూడు ఏడులు 91 అని నాకు బడిలో రాలేదు, స్లాబుకు సెంట్రింగ్ చెక్కలు లెక్కపెట్టుకుంటుంటే వచ్చింది. ఈ రోజు నా కింద పద్నాలుగు మంది పనిచేస్తారు. చదరపు అడుగుల లెక్క నేనే కడతాను, ఇంజనీరు సంతకం పెడతాడు. మీరు దాన్ని కిటుకు అంటారా?

నకిరేకల్_పిల్ల | ఉదయం 7:15

నాకు చింత బరిక కాదు, డస్టర్. ఇంటర్‌లో సీఈసీ తీసుకున్నది లెక్కలు ఉండవనే. సివిక్స్ మీద ప్రేమేం లేదు.

రిటైర్డ్_లెక్కల_సారు | ఉదయం 7:50

నేను బెత్తం గురించి ఒక్క మాట అనలేదు. ఎక్కాలు కావాలి అంటే కొట్టాలి అన్నట్టేనా? ఎవరో కొడితే నాకెందుకు అంటగడతారు? 36 ఏళ్లు పనిచేశాను. నా దగ్గర చదివినవాళ్లు ఇంజనీర్లయ్యారు, ఇప్పటికీ కాళ్లకు దండం పెడతారు.

సెంట్రింగ్_మేస్త్రీ | ఉదయం 7:53

దండం పెట్టేవాళ్లే కనిపిస్తారు సార్. మూడో రోజు రానివాళ్లు కనపడరు.

టీచరమ్మ | ఉదయం 8:20

కొట్టడం 2009 విద్యాహక్కు చట్టంతోనే నిషేధం. ఇక్కడితో ఆపుదాం, బడి టైమైంది. సార్, మీరు మంచి మాస్టారే అయ్యుంటారు. కానీ అరవై గొంతులు ఒక్కసారి ఎక్కం చదువుతుంటే ఎవరికి వచ్చిందో, ఎవరు పెదవులు కదుపుతున్నారో మీకు తెలిసేదా? తెలియాలంటే పిల్లవాడు నోరు తెరిచి తప్పు చెప్పాలి. తప్పు చెబితే ఏమీ కాదన్న నమ్మకం ఉంటేనే చెబుతాడు. నేను పుల్లల కట్టలూ పూసలూ చేత పట్టుకునేది పిల్లల్ని నవ్వించడానికి కాదు. చేత్తో చేస్తున్నప్పుడు తప్పు నా కంటికి కనపడుతుంది.

మిల్లు_గుమస్తా | మధ్యాహ్నం 1:40

మీరందరూ పెద్దవాళ్లు. మీ గొడవ మీరు పడండి. నేను అడిగింది నా కొడుకు సంగతి. మీలో ఒకరు బెత్తం గురించి, ఒకరు పైథాగరస్ గురించి, ఒకరు ప్లాటు గురించి.

ఇంకా చెప్పాలంటే, మా పెద్దమ్మాయి ఇదే బడిలో చదివింది. చార్టులు, రంగుల కాగితాలు, బోధనోపకరణాల మేళా. మేళాలో ఎంఈవో గారి పక్కన నిలబడిన ఫొటో మా ఇంట్లో ఫ్రేమ్ కట్టి ఉంది. ఎప్పుడు బడికి పోయినా "మీ పాప చాలా యాక్టివ్ అండీ" అనేవారు. నేనూ మురిసిపోయేవాణ్ణి. గురుకులం సీటు రాలేదు. అప్పుడు కూర్చోబెట్టి చూస్తే రెండంకెలతో భాగహారం రాదు. ఐదేళ్లలో ఒక్కరూ నాకు ఆ మాట చెప్పలేదు. ఇప్పుడు ప్రైవేటులో ఫీజు కడుతున్నాను. అక్కడ పాఠం ఏం గొప్పగా చెబుతారో నాకు తెలియదు, శనివారం శనివారం టెస్టు పెట్టి మార్కులైతే పంపుతారు. నా పిల్లకు ఏం రాదో నాకు తెలుస్తుంది.

పెద్దదానితో మోసపోయాను, చిన్నోడితో మళ్లీ మోసపోనా అని భయం. అందుకే తాడు అంటే టెన్షన్ వచ్చింది. తాడు మీద కోపం లేదు.

నకిరేకల్_పిల్ల | మధ్యాహ్నం 1:58

ఇది మొదటి పోస్టులోనే రాసి ఉంటే ఇంత రామాయణం ఉండేది కాదు అన్నా.

టీచరమ్మ | సాయంత్రం 5:35

ఇప్పుడే ఇల్లు చేరాను. గుమస్తా గారూ, మీ మాట చదివాక కాసేపు ఏం రాయాలో తోచలేదు. ఫొటో కోసం చేయించిన రోజులు నాకూ ఉన్నాయి. మీటింగ్ ఉంటుంది, గ్రూపులో పెట్టమంటారు, పెడతాం. తొలిమెట్టు (చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే సర్కారు కార్యక్రమం) వచ్చినప్పుడు కూడా పిల్లలతో గడపాల్సిన గంటలో కొంత రికార్డులు నింపడానికే పోయింది. చట్టం ప్రకారం 60 మంది దాకా ఇద్దరు టీచర్లుండాలి. నా బడిలో 23 మంది పిల్లలు, ఐదు తరగతులు, నేను ఒక్కదాన్నే. ఒకటో తరగతికి కట్టలు కట్టే పని ఇచ్చి, ఐదోవాళ్లకు భాగహారం చెబుతాను. బయటి నుంచి చూస్తే ఆట. నాకైతే వేరే దారి లేదు.

మీ అబ్బాయికి ఇది చేయించండి. పదో ఎక్కం దాకా మొత్తం వంద గుణకారాలు. ఒకటి, రెండు, ఐదు, పది ఎక్కాలు ఎలాగూ వస్తాయి, అవి కొట్టేయండి. మిగిలేవి 3, 4, 6, 7, 8, 9. ఏడెనిమిదులు, ఎనిమిదేడులు ఒకటే కాబట్టి జంటల్లో ఒకటి కొట్టేయండి. మిగిలేవి 21. అంతే. అట్టముక్కల మీద రాసి, కలిపేసి, రోజూ ఐదు నిమిషాలు. వరసలో అడగొద్దు. వచ్చినవి ఒక డబ్బాలో, రానివి ఒక డబ్బాలో.

రిటైర్డ్_లెక్కల_సారు | సాయంత్రం 6:10

కాగితం మీద వేసి చూశాను. 21 సరిపోయింది. అయితే ఆ 21 బట్టీ పట్టాలిగా?

టీచరమ్మ | సాయంత్రం 6:12

పట్టాలి. వద్దని నేనెప్పుడన్నాను సార్?

రిటైర్డ్_లెక్కల_సారు | సాయంత్రం 6:31

అనలేదు. నేనే అలా అనుకున్నాను.

మేస్త్రీ గారూ, పొద్దున రాసింది సగం అబద్ధం. నేనూ కొట్టాను. అప్పుడు అందరం కొట్టేవాళ్లం, పిల్లల్ని తెచ్చి "చర్మం మీది, ప్రాణం మాది" అనేవాళ్లు తల్లిదండ్రులే. అది సాకు అని నాకు తెలుసు. కిటుకు అన్నది కూడా పొరపాటే. మూల చూడకుండా చదరం గీయించడం లెక్కల సారు చేయకూడని పని. అక్కడ మీదే సరైన మాట.

ఎక్కాల విషయంలో మాత్రం నా మాట మారదు.

సెంట్రింగ్_మేస్త్రీ | రాత్రి 7:45

సరే సార్. మా పిల్లకు నేనూ పొద్దున్నే ఎక్కాలు చదివిస్తా. బరిక లేదు, చాయ్ ఉంటుంది.

మిల్లు_గుమస్తా | రాత్రి 9:20

21 అట్టలు కోశాం. మొదటి రోజు 12 వచ్చినవాటి డబ్బాలో పడ్డాయి, 9 రానివాటిలో. ఏడెనిమిదులు రానివాటిలోనే. వాడు దానికి "ఏడేడులు 49, ఇంకో ఏడు" అని సొంతంగా ఒక దారి వెతుక్కున్నాడు. ఐదారు సెకన్లు పడుతోంది.

టీచర్ గారూ, ఒక సందేహం. ఈ తొమ్మిది కాగితం మీద రాసి మా సారుకు పంపొచ్చా? నెలకోసారి వీడికి ఏం వచ్చింది, ఏం రాలేదు అని రెండు ముక్కలు రాసివ్వమని అడగొచ్చా? తప్పు పట్టడానికి వచ్చాడనుకుంటారేమో అని వెనకాడుతున్నా.

టీచరమ్మ | రాత్రి 9:34

అడగండి. మొదట ముఖం మాడ్చుకోవచ్చు. నేనైనా మాడ్చుకుంటాను. అయినా అడగండి.

చౌటుప్పల్_ప్లాటు | రాత్రి 10:02

అందరూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. నేను రెండు గుంటలు కొన్నాను. ధర గుంటల లెక్కనే కట్టాను. కాగితంలో 200 గజాలు అని ఉంది. గుంట 121 అయితే నాకు 242 రావాలి కదా? 42 గజాలు ఎటు పోయినట్టు?

సెంట్రింగ్_మేస్త్రీ | రాత్రి 10:05

కాగితం నువ్వు తీసుకురా అన్నా, తాడు నేను తెస్తా. ముందు మూలలు చూద్దాం.