ఆటమ్ ఫీడ్‌లో ఎంట్రీలు ఉన్నా ఎక్స్‌పాత్ ఖాళీ లిస్టే ఇస్తోంది

ప్రశ్న:
పైథాన్‌లో ఎల్‌ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీతో ఆటమ్ ఫీడ్ (సైట్‌లోని పోస్టుల జాబితా ఉండే ఎక్స్‌ఎంఎల్ ఫైల్) చదువుతున్నాను. ఫైల్ తెరిస్తే ఎంట్రీ ట్యాగులు బోలెడు కనిపిస్తున్నాయి. రెండు స్లాష్‌లు పెట్టి ఎంట్రీ అని ఎక్స్‌పాత్ (ఎక్స్‌ఎంఎల్‌లో ట్యాగులను వెతికే భాష) ఇస్తే మాత్రం ఖాళీ లిస్టు, ఎర్రర్ కూడా లేదు. ఫీడ్ ట్యాగులోని ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ తీసేస్తే అన్నీ వస్తున్నాయి. చదివే ముందు దాన్ని రీప్లేస్‌తో చెరిపేయొచ్చా అండీ?

మొదటి జవాబు:
చెరపకండి. ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ ఉన్నప్పుడు ఆ ట్యాగు అసలు పేరు వట్టి ఎంట్రీ కాదు, అందులో ఉన్న ఆటమ్ యూఆర్‌ఐ (వెబ్ చిరునామాలా కనిపించే గుర్తింపు, దీన్నే నేమ్‌స్పేస్ అంటారు) కూడా కలిస్తేనే పేరు పూర్తవుతుంది. ఎక్స్‌పాత్ 1.0లో ప్రిఫిక్స్ (పేరు ముందు కోలన్‌తో పెట్టే గుర్తు) లేకుండా రాస్తే ఏ నేమ్‌స్పేస్‌కీ చెందని ఎలిమెంట్ కోసమే వెతుకుతుంది. ఫైల్‌లోని డిఫాల్ట్ నేమ్‌స్పేస్‌ను పట్టించుకోదు. అలాంటి ఎలిమెంట్ లేదు కాబట్టి ఖాళీ లిస్టు.

ఎక్స్‌పాత్ ఫంక్షన్‌కి నేమ్‌స్పేసెస్ ఆర్గ్యుమెంట్‌గా ఒక డిక్షనరీ ఇవ్వండి: కీ ఎఫ్, వాల్యూ ఫీడ్‌లో ఉన్న యూఆర్‌ఐ. ఆపైన ఎంట్రీకి ముందు ఎఫ్, కోలన్ చేర్చి వెతకండి. ప్రిఫిక్స్ మీ ఇష్టం, అది ఫైల్‌లో ఉండక్కర్లేదు. ఖాళీ ప్రిఫిక్స్ మాత్రం కుదరదు, ఎర్రర్ వస్తుంది. యూఆర్‌ఐ అక్షరం పొల్లు పోకూడదు: హెచ్‌టీటీపీని హెచ్‌టీటీపీఎస్ చేసినా, చివరి ఆటమ్‌లో మొదటి అక్షరం చిన్నది వేసినా మళ్లీ ఖాళీయే. టైప్ చేయకుండా ఫైల్ నుంచే కాపీ చేసుకోండి.

ఎంట్రీ కింద టైటిల్ కావాలంటే టైటిల్‌కీ విడిగా ప్రిఫిక్స్ పెట్టాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.

రెండో జవాబు:
నేమ్‌స్పేస్ చూడకుండా ట్యాగు పేరు మాత్రమే చూసే లోకల్ నేమ్ ఫంక్షన్ వాడమని కొందరంటారు. ఫైల్‌లో ఏముందో ఒకసారి చూసుకోవడానికి సరే, ప్రోగ్రామ్‌లో వద్దు. ఫీడ్‌లో మీడియా ఆర్‌ఎస్‌ఎస్ (ఫొటోలు, వీడియోల వివరాలు చెప్పే) ట్యాగులు ఉంటే వాటిలోనూ టైటిల్ ఉండొచ్చు, అప్పుడు రెండూ కలిసిపోతాయి. రీప్లేస్‌తోనూ ఇదే చిక్కు: కంటెంట్ ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ (ఎక్స్‌ఎంఎల్ రూపంలోని వెబ్ పేజీ కోడ్) అయితే లోపలి డివ్‌కి సొంత ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ ఉంటుంది. అదీ పోతే ఏ ట్యాగు ఆటమ్‌దో, ఏది పేజీదో తేల్చలేరు.

ప్రశ్న అడిగినవారు:
ఎంట్రీలు వచ్చాయి, థాంక్సండీ. లింక్‌లోని హెచ్‌రెఫ్‌కి ఎఫ్ పెడితే మాత్రం ఏమీ రావట్లేదు.

మొదటి జవాబు ఇచ్చినవారు:
డిఫాల్ట్ నేమ్‌స్పేస్ యాట్రిబ్యూట్లకు వర్తించదండీ. లింక్‌కి ప్రిఫిక్స్ ఉంచి, ఎట్ గుర్తు పక్కన వట్టి హెచ్‌రెఫ్ రాయండి. ఒక ఎంట్రీలో లింకులు చాలా ఉండొచ్చు కాబట్టి రెల్ (లింకు ఏ రకమో చెప్పే యాట్రిబ్యూట్) విలువ ఆల్టర్నేట్ ఉన్నవాటినే తీసుకోండి. అసలు రెల్ లేని లింకునూ వదలొద్దు, ఆటమ్ ప్రమాణం ప్రకారం అదీ ఆల్టర్నేటే.