పన్నెండు యూరోల లోపు ఫ్రెంచ్ రెడ్ వైన్: దేనితో మొదలుపెట్టాలి?

ప్రశ్న:
ఫ్రెంచ్ రెడ్ వైన్ ఇప్పుడిప్పుడే రుచి చూస్తున్నానండి. సీసాకి 12 యూరోలు దాటకూడదు. లేబుల్ మీద ఊరి పేరే తప్ప ద్రాక్ష పేరు కనిపించదు. చవక బోర్డో ప్రాంతపు వైన్ తాగితే నోరంతా వగరు. ఎందుకలా? ఏది కొనాలి?

జవాబు 1:
ఆ వగరు టానిన్‌ది. ద్రాక్ష తొక్క, గింజల నుంచి దిగుతుంది. బోర్డోలో వాడే కాబెర్నె సావిన్యోఁ ద్రాక్షకి తొక్క మందం, అందుకే వగరెక్కువ. ముందు బోజొలే ప్రాంతపు బోజొలే-విలాజ్ తీసుకోండి. అది గామే ద్రాక్షతో చేస్తారు. గెలల్ని చిదమకుండా అలాగే తొట్టిలో వేసి పులియబెట్టడం అక్కడి పద్ధతి కాబట్టి పండు రుచి బాగా వస్తుంది, టానిన్ తక్కువ దిగుతుంది. ఫ్రిజ్‌లో అరగంట పెట్టి, 13 డిగ్రీల దగ్గర తాగండి. నవంబరు మూడో గురువారం వచ్చే బోజొలే నూవో (ఆ ఏటి కొత్త వైన్) మాత్రం వేరే సరుకు, దాన్నిబట్టి ఆ ప్రాంతాన్ని అంచనా వేయొద్దు.

తర్వాత రోన్ లోయ వైన్ కోత్ దు రోన్. గ్రెనాష్, సిరా ద్రాక్షలు కలిపి చేస్తారు, కాస్త మిరియాల ఘాటు ఉంటుంది. రెండూ ఒకే పూట తెరిచి, చెరో 50 మిల్లీలీటర్లు పక్కపక్కన పోసుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

జవాబు 2:
ద్రాక్ష పేరు కావాలంటే ‘ఐజీపీ పేయి దోక్’ (దక్షిణ ఫ్రాన్స్‌లోని ఒక పెద్ద ప్రాంతం పేరు) సీసాలు చూడండి, చాలావాటి మీద ఉంటుంది. ‘ఏఓపీ’ అంటే ఊరు, అక్కడి ద్రాక్ష, అక్కడి నిబంధనలు అన్నీ కలిపిన పేరు. షినోఁ అని ఉంటే ద్రాక్ష కాబెర్నె ఫ్రాఁ, కాయోర్ అయితే మాల్బెక్. ‘వియే వీన్’ అంటే ముసలి తీగలని అర్థమే కానీ ఎన్నేళ్లవి అన్నదానికి చట్టంలో లెక్క లేదు. ‘గ్రాఁ వాఁ ద బోర్డో’ (బోర్డో గొప్ప వైన్) అని బంగారు అక్షరాలతో ఉన్నా అది గ్రేడు కాదు. ఆ డబ్బుకి దక్షిణ ఫ్రాన్స్‌లోని లాంగ్‌డాక్ ప్రాంతపు కోర్బియేర్, మినర్వా వైన్‌లు మేలని నా గట్టి అభిప్రాయం. పేరుకి కట్టే ధర అక్కడ తక్కువ.

జవాబు 3:
బోర్డోని అప్పుడే వదిలేయకండి. మెర్లో ద్రాక్ష ఎక్కువగా ఉండే కుడి ఒడ్డు (దోర్దోన్ నదికి కుడివైపు) వైన్ మెత్తగా ఉంటుంది. అక్కడి కాస్తీయోఁ కోత్ ద బోర్డో వెతకండి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగితే ఏ టానిన్ వైనైనా ఇంకా వగరుగా అనిపిస్తుంది. 25 డిగ్రీల గదిలో ఉంచితే ఆల్కహాల్ ముక్కుకి కొడుతుంది. 16-17 డిగ్రీలు సరి. ఊరికే బిరడా తీసి ఉంచితే లాభం లేదు, సీసా మెడలో గాలి తగిలే చోటు చాలా తక్కువ. ఒక జగ్గులోకి వంచి 40 నిమిషాలు ఆగండి. మాంసంతోనో, గట్టి చీజ్‌తోనో తాగితే వగరు బాగా తగ్గుతుంది.

తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది బిరడా దోషం, గాలి తగిలినా పోదు. కొన్నచోట తిరిగి ఇచ్చేయండి. మిగిలిన వైన్‌కి బిరడా బిగించి ఫ్రిజ్‌లో నిలబెడితే మూడు రోజులు ఆగుతుంది.