1996 డిసెంబర్‌లో పుట్టినోళ్ళు ఎటు లెక్క?

అన్నలూ అక్కలూ, కొంచెం చెప్పండి. మాది గాజువాక, నేను 1996 డిసెంబర్‌లో పుట్టా. ప్యూ రీసెర్చ్ అనే అమెరికా సర్వే సంస్థ వాళ్ళ తరాల లెక్కలో 1981 నుంచి 1996 దాకా పుట్టినోళ్ళు మిలీనియల్స్, 1997 నుంచి పుట్టినోళ్ళు జెన్ జీ, అంటే కొద్ది రోజుల తేడాతో నేను మిలీనియల్స్‌లో పడ్డా. కానీ అన్నయ్యది 1985, తన వీసీఆర్ అద్దె కబుర్లు నాకు తెలీవు, చెల్లిది 2004, దాని రీల్స్ భాష నాకస్సలు ఎక్కదు. నాకు గుర్తున్నవి రూపాయి కాయిన్ ఫోను, నెట్ సెంటర్లో ఆర్కుట్, 2014 హుద్‌హుద్ తుఫానుకి రోజుల తరబడి కరెంటు లేక వీధంతా డాబాలెక్కి మాట్లాడుకోడం, 2016లో జియో వచ్చాక అందరం ఫోన్లలో పడిపోడం. ఇంట్లో ఇద్దరి మధ్యా ఒంటరిగా అనిపిస్తోంది. వైజాగ్‌లో నా వయసోళ్ళకి మీకూ ఇలాగే ఉందా? చెల్లితో మళ్ళీ మాట కలవాలంటే ఏం చేశారు?